ఆరు నెలల నుంచి ఏడాది దాకా విదేశంలో విరామం: ఏ దారి ఎవరికి సరిపోతుంది

సబాటికల్ (ఉద్యోగానికి కొన్ని నెలల విరామం) అనగానే చాలామంది ముందు దేశం ఎంచుకుంటారు. బాలీయా, పోర్చుగలా, జర్మనీయా అని నెలల తరబడి వీడియోలు చూస్తారు. తీరా వీసా ఫారం ముందు కూర్చున్నాక అసలు చిక్కు తెలుస్తుంది. దాదాపు ప్రతి లాంగ్ స్టే వీసా మూడింటిలో ఒకదానికి రుజువు అడుగుతుంది: నెలనెలా వచ్చే ఆదాయం, చేరిన కోర్సు, లేదా తప్పకుండా తిరిగి వెళ్తారన్న నమ్మకం. సబాటికల్ తీసుకునే మనిషి చేసేదే ఆదాయం ఆపుకోవడం. అందుకని భారత పాస్‌పోర్టుతో బయలుదేరేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఈ మూడింటిలో తమ దగ్గర ఏ రుజువు ఉందన్నది. దేశం సంగతి ఆ తర్వాత చూడొచ్చు.

సెలవా, రాజీనామానా

ఇది ఆఫీసు వ్యవహారంలా కనిపిస్తుంది గానీ వీసా, బీమా, పన్ను అన్నీ దీన్నిబట్టే నడుస్తాయి. కంపెనీ జీతం లేని సెలవు ఇస్తే, ఫలానా తేదీన తిరిగి చేరాలని హెచ్‌ఆర్ లెటర్‌హెడ్ మీద ఉన్న ఉత్తరం విజిటర్ వీసాలకు అన్నిటికంటే బలమైన కాగితం. రాజీనామా చేసినవారికి ఆ కాగితం ఉండదు. సొంతిల్లు, కుటుంబం, పాత ప్రయాణాల రికార్డు, బ్యాంకు నిల్వ మీద నెట్టుకురావాలి. జీతం స్లిప్పులు చేతిలో ఉండగానే వీసాకు పెట్టడం తెలివైన పనే. కానీ రాజీనామా ఇచ్చేసి, ఇంకా ఉద్యోగంలో ఉన్నట్టు ఫారంలో రాస్తే అది తప్పుడు సమాచారం. ఒకసారి ఆ ముద్ర పడితే ఏళ్ల తరబడి ప్రతి వీసా ఫారంలోనూ దానికి జవాబు చెప్పుకోవాలి.

సెలవు ఉత్తరంలో నాలుగు విషయాలు రాయించుకోండి: సర్వీసు కొనసాగుతుందని, గ్రూప్ ఆరోగ్య బీమా ఉంటుందో లేదో, తిరిగి చేరే హోదా, సెలవులో బయటి పని చేయవచ్చో లేదో. నాలుగోది చాలామంది వదిలేస్తారు. జీతం రాకపోయినా మీరు ఆ కంపెనీ ఉద్యోగే కాబట్టి, సెలవులో చేసిన ఫ్రీలాన్స్ పని ఒప్పందాన్ని ఉల్లంఘించినట్టు కావచ్చు. గ్రాట్యుటీకి ఐదేళ్లు నిండడానికి కొన్ని నెలలే ఉంటే రాజీనామా ఆలోచన పక్కన పెట్టడమే మేలు. జీతం లేని నెలల్లో ఈపీఎఫ్‌లో కొత్త జమ పడదు గానీ పాత నిల్వ మీద వడ్డీ ఆగదు.

విశ్వవిద్యాలయ అధ్యాపకులది వేరే లెక్క. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసోసియేట్ ప్రొఫెసర్‌గా గానీ ప్రొఫెసర్‌గా గానీ ఏడేళ్లు పూర్తయినవారు ఒక విడతలో ఏడాది, మొత్తం సర్వీసులో రెండేళ్లు మించకుండా సబాటికల్ అడగవచ్చు. ఆ కాలంలో మరో సంస్థలో రెగ్యులర్ ఉద్యోగం చేయకూడదు. ఆహ్వానించిన విశ్వవిద్యాలయం ఇచ్చే లేఖతో వారికి పరిశోధక వీసా దారి తెరుచుకుంటుంది. కింద చెప్పే తిప్పలు చాలావరకు వారికి ఉండవు.

డిజిటల్ నోమాడ్ వీసాల మీద ఆశ పెట్టుకోవద్దు

మలేసియా డీఈ రాంటావ్ పాస్‌కు టెక్ రంగంలో ఏడాదికి 24,000 డాలర్లు, ఇతర రంగాలకు 60,000 డాలర్ల ఆదాయం చూపాలి. ఇండోనేసియా రిమోట్ వర్కర్ వీసాకూ 60,000 డాలర్లే. యూఏఈ వర్చువల్ వర్క్ వీసాకు నెలకు 3,500 డాలర్లు. పోర్చుగల్ డీ8కు అక్కడి కనీస వేతనానికి నాలుగు రెట్లు. ఇవన్నీ పని మానకుండా చోటు మాత్రం మార్చుకునేవారికి పెట్టినవి. జీతం ఆగిన మనిషికి దాచుకున్న సొమ్ము ఎంత ఉన్నా సరిపోదు. రిమోట్‌గా పని చేస్తూనే వెళ్తున్నారంటే మీది సబాటికల్ కాదు, ఈ సలహాల్లో సగం మీకు పనికిరావు.

థాయిలాండ్ డీటీవీ: డబ్బు చూపిస్తే చాలు, పంపనక్కర్లేదు

2024 జూలైలో వచ్చిన డెస్టినేషన్ థాయిలాండ్ వీసా సబాటికల్ మనిషికి దగ్గరగా కుదిరే కొద్ది వీసాల్లో ఒకటి. ఐదేళ్ల మల్టిపుల్ ఎంట్రీ. ప్రవేశించిన ప్రతిసారీ 180 రోజులు ఉండవచ్చు. వయసు 20 నిండాలి, 5 లక్షల బాట్ నిల్వ చూపాలి. మన లెక్కలో సుమారు 13 నుంచి 15 లక్షల రూపాయలు. ఆ డబ్బు మీ భారతీయ ఖాతాలోనే ఉండవచ్చన్నది దీని పెద్ద సుగుణం. ఫిక్స్‌డ్ డిపాజిట్లు, మ్యూచువల్ ఫండ్ల స్టేట్‌మెంట్లు పెట్టేకంటే మూడు నెలలుగా సేవింగ్స్ ఖాతాలో కదలకుండా ఉన్న నిల్వ చూపితే ప్రశ్నలు తక్కువ. దరఖాస్తుకు వారం ముందు బంధువు ఖాతా నుంచి వచ్చి పడిన పది లక్షలు ఎవరి కంటికైనా ఆనుతాయి.

రిమోట్ పని చేసేవారికి ఒక వర్గం ఉంది. ఆదాయం లేనివారు చూడాల్సింది రెండోది: ముయే థాయ్ (థాయ్ కిక్‌బాక్సింగ్), థాయ్ వంట, వైద్య చికిత్స లాంటివి. ఇక్కడ దరఖాస్తులు ఎక్కువగా బెడిసికొట్టేది కోర్సు దగ్గరే. రెండు వారాల వంట క్లాసు రసీదు పెట్టి ఐదేళ్ల వీసా అడిగితే అధికారి నమ్మరు. నెలల పాటు సాగే కోర్సు, ఫీజు కట్టిన రసీదు, సంస్థ రిజిస్ట్రేషన్ పత్రం కావాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, థాయిలాండ్ బయట ఉండగానే చేయాలి. ఫీజు 10,000 బాట్ స్థాయిలో ఉంటుంది, కాన్సులేట్‌ను బట్టి రూపాయల్లో మారుతుంది, తిరస్కరిస్తే తిరిగి రాదు.

వీసా వచ్చాక మూడు పనులుంటాయి. విమానం ఎక్కే ముందు మూడు రోజుల్లో ఆన్‌లైన్ అరైవల్ కార్డు నింపాలి. మీరు చేరిన 24 గంటల్లో ఇంటి యజమాని టీఎం30 నివేదిక (విదేశీయుడు తన ఇంట్లో ఉంటున్నాడని ఇమిగ్రేషన్‌కు తెలిపేది) ఇవ్వాలి. అది ఇవ్వడని తెలిస్తే ఆ ఇల్లు తీసుకోకండి, తర్వాత ఇమిగ్రేషన్‌లో ఏ పనికి వెళ్లినా ఆ కాగితమే అడుగుతారు. వరుసగా 90 రోజులు ఉంటే 90 రోజుల రిపోర్టు ఇవ్వాలి. మరిచిపోతే 2,000 బాట్ జరిమానా.

పన్ను సంగతి: ఒక క్యాలెండర్ ఏడాదిలో 180 రోజులు ఉంటే థాయ్ పన్ను నివాసి అవుతారు. అప్పుడు బయటి నుంచి తెచ్చుకున్న ఆదాయం వారి పన్ను పరిధిలోకి వస్తుంది. దీనికి విరుగుడు బయలుదేరే తేదీలోనే ఉంది. ఆగస్టు 1న దిగితే డిసెంబరు 31 నాటికి 153 రోజులు. కొత్త ఏడాదిలో మే 31 వరకు ఉన్నా 151. పది నెలలు గడిపినా ఏ ఏడాదీ 180 తాకదు. అదే జనవరిలో దిగి పది నెలలుంటే తాకుతుంది. వీసా లెక్క వేరు: ఒక ప్రవేశానికి 180 రోజులే కాబట్టి జనవరి 27లోపు ఒకసారి బయటికి వెళ్లి రావాలి. మలేసియా 2026 డిసెంబరు 31 వరకు భారతీయులకు 30 రోజులు వీసా లేకుండా అనుమతిస్తోంది, ఆ విరామానికి అది చాలు.

చియాంగ్ మాయ్ మీద మోజున్నవారికి ఒక హెచ్చరిక. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొలాలు, అడవులు తగలబెట్టే పొగతో అక్కడి గాలి ప్రపంచంలోనే అధ్వాన్నమైన వాటిలో ఒకటిగా ఉంటుంది. ఏడాది అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టి ఆ మూడు నెలలు దక్షిణ తీరానికి పారిపోయే వాళ్లు రెండు అద్దెలు కడతారు. ఆగస్టు నుంచి జనవరి దాకా ఉత్తరాన, తర్వాత దక్షిణాన అని ముందే రెండు ముక్కలు చేసుకోండి.

జర్మనీ భాషా కోర్సు: ఖర్చెక్కువ, క్రమశిక్షణ ఎక్కువ

యూరప్‌లో 90 రోజులు దాటి, విద్యార్థిగా డిగ్రీలో చేరకుండా ఉండాలంటే ఉన్న తిన్నని దారి ఇది. 3 నుంచి 12 నెలల ఇంటెన్సివ్ భాషా కోర్సు, వారానికి కనీసం 18 గంటల క్లాసులు. సాయంత్రం కోర్సులు, వారాంతపు కోర్సులు చెల్లవు. కోర్సు దొరకగానే బ్లాక్డ్ అకౌంట్ (ముందే మొత్తం జమ చేసి, నెలనెలా కొంతే తీసుకోగలిగే ఖాతా) తెరవాలి. డిగ్రీ విద్యార్థులకు నెలకు 992 యూరోలైతే భాషా కోర్సు వాళ్లకు పది శాతం ఎక్కువ: నెలకు 1,091, ఏడాదికి 13,092 యూరోలు. ఏజెంట్లు, పాత వీడియోలు 11,904 అని చెప్తారు. అంతే వేసి వెళ్లినవారిని తక్కువ పడిందని వెనక్కి పంపుతారు, మిగతాది పంపి మళ్లీ ధ్రువపత్రం తెచ్చుకునేలోగా కోర్సు మొదలైపోతుంది.

థాయిలాండ్‌తో ముఖ్యమైన తేడా ఇక్కడే. ఈ డబ్బు చూపిస్తే సరిపోదు, నిజంగా పంపాలి. యూరో వంద రూపాయలనుకున్నా 13.09 లక్షలు ఒకేసారి దేశం దాటుతుంది. కోర్సు ఫీజు, విమానం, బీమా దీనికి అదనం. మరోవైపు ఆ డబ్బు నెలకు 1,091 చొప్పున మీకే తిరిగి వస్తుంది, కాబట్టి అది ఖర్చు కాదు, నెలవారీ బడ్జెట్. మ్యూనిక్‌లో అది చాలదు. లైప్‌జిగ్, కెమ్నిట్స్ లాంటి తూర్పు నగరాల్లో షేరింగ్ గదిలో ఉంటే సరిపెట్టుకోవచ్చు.

అక్కడికెళ్లాక అందరినీ ఇబ్బంది పెట్టేది అన్‌మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు. ఇంట్లో చేరిన రెండు వారాల్లో చేయించుకోవాలి, దానికి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. చౌకగా దొరికే స్వల్పకాలిక గదులు చాలావాటికి యజమానులు ఆ సంతకం పెట్టరు. నమోదు లేకపోతే బ్యాంకు ఖాతా తెరవడం, రెసిడెన్స్ పర్మిట్ అపాయింట్‌మెంట్ అన్నీ ముడిపడి ఆగిపోతాయి. బ్యాంకు ఖాతా లేనిదే బ్లాక్డ్ అకౌంట్ సొమ్ము విడుదల కాదు. మొదటి రెండు నెలలకు సరిపడా డబ్బు ఫారెక్స్ కార్డులో విడిగా పెట్టుకెళ్లండి. గది చూసేటప్పుడు మొదటి ప్రశ్న అద్దె గురించి కాదు, నమోదు గురించి అడగండి. నమోదయ్యాక ఇంటికి నెలకు 18.36 యూరోల ప్రసార రుసుము బిల్లు కూడా వస్తుంది. మోసపు ఉత్తరం అనుకుని చింపేసేవారున్నారు. అది చట్టబద్ధమైనదే, కట్టాలి.

జర్మన్ నేర్చుకోవాలన్న కోరిక లేకుండా యూరప్ చూడ్డానికే ఈ దారి పట్టేవారికి మా సలహా వద్దనే. వారానికి 18 గంటలు క్లాసు, దానికి రెండింతలు ఇంటి పని. హాజరు తగ్గితే పర్మిట్ పొడిగింపు కష్టం. విశ్రాంతి కోసం వెళ్లి మళ్లీ ఇంటర్మీడియట్ చదివినట్టుంటుంది.

షెంజెన్ 90 రోజులు, చుట్టూ ఉన్న దేశాలు

ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు షెంజెన్. అక్కడ ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు మించకూడదన్నది నియమం. ఇది ఆరు నెలలకోసారి సున్నా అయ్యే మీటరు కాదు, రోజూ వెనక్కి 180 రోజులు చూసే లెక్క. ఏప్రిల్ 1న అడుగు పెడితే జూన్ 29కి 90 అయిపోతాయి. మళ్లీ అడుగు పెట్టగలిగేది సెప్టెంబరు 28న. 2025 అక్టోబరులో మొదలైన కొత్త వ్యవస్థ వేలిముద్రలతో రాకపోకలు నమోదు చేస్తోంది, స్టాంపు మసకబారింది అనే సాకుకు కాలం చెల్లింది.

అయితే 90 రోజులు అనేది పరిమితి, మీ హక్కు కాదు. మొదటిసారి దరఖాస్తు చేసేవారికి టికెట్లలో చూపించిన రోజులకు ఇంకొన్ని కలిపి ఇస్తారు, అంతే. 2024 ఏప్రిల్‌లో భారతీయుల కోసం తెచ్చిన వెసులుబాటు ప్రకారం గత మూడేళ్లలో రెండు షెంజెన్ వీసాలు సక్రమంగా వాడినవారికి రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ, ఆ తర్వాత ఐదేళ్లది వస్తుంది. ఆ మెట్టు ఎక్కినవారికే ఈ దారి బాగుంటుంది. చెల్లుబాటయ్యే మల్టిపుల్ ఎంట్రీ షెంజెన్ వీసా ఉంటే జార్జియా, సెర్బియా, అల్బేనియా విడిగా వీసా లేకుండా రానిస్తాయి. అలా మూడు నెలలు లోపల, మూడు నెలలు బయట తిరగవచ్చు. అల్బేనియా ఆ వీసాను ఒకసారైనా వాడి ఉండాలంటుంది. ఇలాంటి షరతులు టికెట్ కొనే ముందు ఆయా దేశాల విదేశాంగ శాఖ పేజీలో చూసుకోవాలి.

ఇక్కడే దేశాల వరుస తేలిపోతుంది. షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల కంటే ముందు దరఖాస్తు చేయలేరు, మీరు చట్టబద్ధంగా నివసించే దేశం నుంచే చేయాలి. బ్యాంకాక్‌లో ఉంటూ యూరప్ వీసా తెచ్చుకుందామంటే టూరిస్టుగా ఉన్నవాళ్ల ఫైలు సాధారణంగా తీసుకోరు. అమెరికా కూడా 2025 సెప్టెంబరు నుంచి సొంత దేశంలోనే, లేదా నివాస దేశంలోనే ఇంటర్వ్యూ అంటోంది. కాబట్టి ఏడాది ప్లాన్‌లో రెండూ ఉంటే యూరప్ ముందు, ఆసియా తర్వాత. తిరగేసి వేసుకున్న ప్లాన్ మధ్యలో ఒకసారి హైదరాబాద్ వచ్చిపోయే టికెట్ ఖర్చుతో తేలుతుంది.

దేశం తర్వాత దేశం: ఆగ్నేయాసియా

వియత్నాం ఈ-వీసా 90 రోజులు, సింగిల్ ఎంట్రీకి 25 డాలర్లు, మల్టిపుల్‌కు 50. మలేసియా 30 రోజులు. ఇండోనేసియా వీసా ఆన్ అరైవల్ 30, ఇంకో 30 పొడిగింపు. చివర్లో నేపాల్: భారతీయులకు వీసా లేదు, రోజుల పరిమితీ లేదు. ఇలా ఆరేడు నెలలు కాగితాల భారం లేకుండా నడుస్తుంది. ఉద్యోగం మానేసినవారికి, నిల్వ తక్కువున్నవారికి ఇదే తేలికైనది.

దీని లోపం డబ్బు కాదు, అలసట. నెలకో ఊరంటే నెలకో అద్దె, సిమ్ కార్డు, ఆసుపత్రి వెతుకులాట. రోజువారీ అద్దెకూ నెలవారీ అద్దెకూ తేడా చాలా ఎక్కువ కాబట్టి ఒక్కోచోట కనీసం నాలుగు వారాలు ఉంటేనే గిట్టుబాటు. ఏదైనా రాసుకోవాలనో నేర్చుకోవాలనో వెళ్తున్నవారు దీన్ని ఎంచుకోకపోవడమే మంచిది. ఒక చోట ఆరు నెలలు ఉండి, మధ్యలో ఒకటి రెండు చిన్న ప్రయాణాలు పెట్టుకునే పద్ధతే ఎక్కువమందికి పనికొస్తుంది.

బండి విషయం కూడా చూడాలి. మన ఆర్టీఏ ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ 1949 ఒప్పందం కిందిది, ఏడాది చెల్లుతుంది. థాయిలాండ్‌లో చెల్లుతుంది, వియత్నాం గుర్తించదు. మీ లైసెన్సులో టూవీలర్ క్లాసు లేకపోతే థాయిలాండ్‌లోనూ స్కూటర్‌కు పనికిరాదు. ప్రమాదం జరిగితే పోలీసు జరిమానా చిన్నదే, చెల్లని లైసెన్సుతో నడిపారని బీమా సంస్థ క్లెయిమ్ కొట్టేయడం పెద్దది.

అయినవాళ్ల ఇంట్లో: అమెరికా, బ్రిటన్, న్యూజిలాండ్

డాలస్‌లో అన్నయ్యో లండన్‌లో చెల్లెలో ఉన్న ఇళ్లకు అద్దె ఖర్చు లేని దారి ఇది. అమెరికా విజిటర్ వీసా బీ2 మీద సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు. వీసా పదేళ్లున్నా లెక్కలోకి వచ్చేది ఐ-94లో (దిగినప్పుడు నమోదయ్యే ప్రవేశ రికార్డు) ఉన్న తేదీ. అక్కడ ఉండి హైదరాబాద్ ఆఫీసు పని చేయకూడదు. బ్రిటన్ ఈ విషయంలో మెత్తన: విజిటర్‌గా ఆరు నెలలు, 2024 జనవరి 31 నుంచి రాకకు అదే ముఖ్య కారణం కానంత వరకు సొంత దేశపు ఆఫీసు పని రిమోట్‌గా చేసుకోవచ్చు, గుర్తింపు ఉన్న సంస్థలో ఆరు నెలల్లోపు కోర్సూ చదవవచ్చు.

న్యూజిలాండ్‌ను ఎవరూ పెద్దగా పట్టించుకోరు, కానీ లెక్కవేస్తే ఆకర్షణీయమే. విజిటర్‌గా గరిష్ఠంగా 9 నెలలు, నెలకు 1,000 న్యూజిలాండ్ డాలర్లు చూపాలి, బస ఖర్చు ముందే తీరితే 400 చాలు. మూడు నెలల్లోపు కోర్సు చదవవచ్చు. 2025 జనవరి 27 నుంచి బయటి దేశపు సంస్థకు రిమోట్ పనికీ అనుమతి ఉంది, 90 రోజులు దాటితే పన్ను బాధ్యత చూసుకోవాలి. ఆవకాయ జాడీ ఉంటే విమానాశ్రయంలో తప్పక డిక్లేర్ చేయండి. చెప్పకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా.

అయినవాళ్ల ఇంట్లో ఆరు నెలలు ఉండటం వీసా పరంగా తేలిక, మనుషుల పరంగా అంత తేలిక కాదు. నెలన్నర తర్వాత విడిగా గది తీసుకునే బడ్జెట్ పెట్టుకునే వెళ్లండి.

డబ్బు దేశం దాటే తీరు, పన్ను

ఎల్‌ఆర్‌ఎస్ (వ్యక్తులు విదేశాలకు డబ్బు పంపేందుకు రిజర్వు బ్యాంకు పథకం) కింద ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక్కొక్కరు 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. ప్రైవేటు ప్రయాణం కింద పంపేది ఏడాదికి 10 లక్షలు దాటితే దాటిన భాగం మీద 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. జర్మనీ ఉదాహరణలో 13.09 లక్షలకు దాటినది 3.09 లక్షలు, టీసీఎస్ దాదాపు 61,800. ఇది అదనపు పన్ను కాదు, రిటర్నులో సర్దుబాటై మిగిలింది తిరిగి వస్తుంది. జీతం వస్తుంటే యజమాని టీడీఎస్‌లో సర్దవచ్చు, జీతం ఆగినవారికి రిఫండు దాకా ఆగడమే. చదువు కింద పంపితే రేటు తక్కువ కాబట్టి బ్యాంకులో సరైన పర్పస్ కోడ్ పడిందో లేదో చూసుకోండి. మార్చి చివర కొంత, ఏప్రిల్ మొదట కొంత పంపితే రెండు ఆర్థిక సంవత్సరాల పరిమితులు దొరుకుతాయి. దంపతుల్లో ఎవరి పాన్ మీద వారికి వేరే పరిమితి. ఫారెక్స్ కార్డులో వేసేది ఈ లెక్కలోకి వస్తుంది. క్రెడిట్ కార్డుతో విదేశంలో చేసే ఖర్చు ప్రస్తుతానికి రావడం లేదు, కానీ దాని మీద 2 నుంచి 3.5 శాతం మార్కప్, ఆ మార్కప్ మీద జీఎస్టీ. దుకాణంలో మిషన్ రూపాయల్లో కట్టమంటారా అని అడిగితే వద్దని స్థానిక కరెన్సీనే నొక్కండి.

ఏడాది బయట ఉంటే ఎన్ఆర్ఐ అయిపోతామన్నది పెద్ద అపోహ. ఒక ఆర్థిక సంవత్సరంలో 60 రోజులు భారత్‌లో ఉండి, అంతకు ముందు నాలుగేళ్లలో 365 రోజులు ఉంటే రెసిడెంటే. ఆ 60ని 182గా సడలించింది ఉద్యోగం కోసం వెళ్లేవారికి, సబాటికల్‌కు కాదు. ఆగస్టు 1న బయలుదేరినవారు ఏప్రిల్ నుంచి అప్పటికే 122 రోజులు ఇక్కడ ఉన్నట్టు. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చినా ఈ రోజుల లెక్క మారలేదు. తిరిగి వచ్చే తేదీ తెలిసిన విరామానికి సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా (ఎన్ఆర్ఐల ఖాతా) మార్చాల్సిన పనీ లేదు.

రెసిడెంట్ కాబట్టి అక్కడ తెరిచిన ఖాతా, జర్మనీ బ్లాక్డ్ అకౌంట్‌తో సహా, రిటర్నులో షెడ్యూల్ ఎఫ్ఏలో (విదేశీ ఆస్తుల పట్టిక) చూపాలి. ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. దాచినందుకు బ్లాక్ మనీ చట్టం కింద 10 లక్షల జరిమానా ఉంది. స్థిరాస్తి కాని ఆస్తుల మొత్తం విలువ 20 లక్షలు మించకపోతే 2024 అక్టోబరు నుంచి ఆ జరిమానా లేదు, చూపించే బాధ్యత మాత్రం అలాగే ఉంది.

బీమా, మందులు

ఇక్కడి ఆరోగ్య పాలసీ మామూలుగా విదేశంలో పనిచేయదు, అయినా దాన్ని ఆపకండి. ఆపితే ముందే ఉన్న జబ్బుల మీద గరిష్ఠంగా 36 నెలల వెయిటింగ్ పీరియడ్ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. రాజీనామా చేసేవారు గ్రూప్ పాలసీ ముగియక ముందే అదే సంస్థ వ్యక్తిగత పాలసీకి మారమని రాతపూర్వకంగా అడగాలి. చివరి పనిదినం దాటాక అడిగితే కొత్త పాలసీ కిందే లెక్క.

ట్రావెల్ పాలసీలు చాలావరకు 180 రోజులకే ఇస్తారు, ఇండియాలో ఉండగానే కొనాలి. పొడిగింపు ఉందా, క్లెయిమ్ చేశాక కూడా పొడిగిస్తారా అన్నది కొనే ముందే చదవండి. ముయే థాయ్ కోర్సు మీద డీటీవీ తెచ్చుకునేవారికి ఇక్కడో తమాషా ఎదురవుతుంది: వీసా ఇప్పించిన ఆటనే చాలా పాలసీలు ప్రమాదకర క్రీడగా మినహాయిస్తాయి. వంట కోర్సు వైపు మొగ్గడానికి అదొక కారణం.

రోజూ వేసుకునే మందులు మూడు నెలలకు, వాటి జెనరిక్ పేర్లతో డాక్టరు సంతకం చేసిన చీటీతో పెట్టుకోండి. బ్రాండ్ పేరు అక్కడ ఎవరికీ తెలియదు. ట్రమడాల్, కోడీన్ ఉన్నవి యూఏఈలో, నిద్రమాత్రలు థాయిలాండ్‌లో నియంత్రణలో ఉంటాయి. దుబాయ్ మీదుగా వెళ్లి అక్కడ ఒక రోజు ఆగుదామనుకునేవారు కూడా ఈ జాబితా చూసుకోవాలి.

బయలుదేరే ముందు

పాస్‌పోర్టు తిరిగి వచ్చే తేదీకి మించి ఆరు నెలలు చెల్లాలి. ఎక్కువ దేశాలు తిరిగేవారు రెన్యువల్‌లో 36 పేజీలది కాకుండా 60 పేజీలది తీసుకోండి, తేడా 500 రూపాయలే. మనవాళ్ల పేర్లతో వచ్చే చిక్కు ఇంకోటి: ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి, మొత్తం పేరు ఒకే గడిలో రాయించుకున్న పాత పాస్‌పోర్టులు చాలా ఉన్నాయి. ఆ పేరు ఒకే పదమైతే 2022 నవంబరు నుంచి యూఏఈ విజిట్ వీసా మీద రానివ్వదు. వియత్నాం ఈ-వీసాలో ఒక అక్షరం తేడా వచ్చినా విమానమే ఎక్కనివ్వరు. సరిచేసుకోవాలంటే పాస్‌పోర్టు రీఇష్యూ చేయించుకోవాలి, కాబట్టి ఏ వీసాకైనా ముందు ఆ పని.

వరుస ఇలా ఉంటే ఇబ్బంది తక్కువ: ఎనిమిది నెలల ముందు పాస్‌పోర్టు, సెలవు మాట. ఆరు నెలల ముందు కోర్సు, సేవింగ్స్ నిల్వ కదలకుండా పెట్టడం. నాలుగు నెలల ముందు స్టిక్కర్ వీసాలు. వీసా చేతికొచ్చాకే అద్దె ఇల్లు ఖాళీ చేసే నోటీసు, మార్చుకోవడానికి వీల్లేని టికెట్లు. సొంతిల్లు అద్దెకిస్తే పదకొండు నెలల ఒప్పందం మీరు వచ్చే తేదీకి నెల ముందు ముగిసేలా రాసుకోండి. ఇంట్లో ఒకరికి పనులు పేరుపేరునా రాసిన స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ చాలు. అన్నిటికీ చెల్లే జనరల్ పవర్ ఎవరికీ ఇవ్వకండి.

ఫోను నెంబరు పోతే బ్యాంకు, ఆధార్, ఆదాయపు పన్ను అన్నీ ఓటీపీ దగ్గరే ఆగిపోతాయి. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు వాడకపోతే రద్దయ్యే ప్రమాదం ఉంది. ఏడాది చెల్లే రీఛార్జి చేసి, ఇంటర్నేషనల్ రోమింగ్ ఇక్కడ ఉండగానే ఆన్ చేయించుకోండి. రోమింగ్‌లో వచ్చే ఎస్ఎంఎస్‌లకు సాధారణంగా చార్జీ ఉండదు. వీలైతే భారత్ నెంబరును ఈసిమ్‌గా మార్చి, ఫోనులో సిమ్ స్లాటు అక్కడి సిమ్‌కు వదలండి. మార్చిన తర్వాత కనీసం రెండు వారాలు ఇంట్లోనే వాడి చూడండి. ఫోను పోతే ఈసిమ్ మళ్లీ తెచ్చుకోవడానికి మీ ఆపరేటరు స్టోరుకు స్వయంగా రమ్మంటాడా, ఆన్‌లైన్‌లో ఇస్తాడా అన్నది కూడా అప్పుడే అడిగి తెలుసుకోవచ్చు.